సవర తాత దాచమన్న విత్తనం

అరవై ఎనిమిదో సంవత్సరమో, తొమ్మిదో, సరిగ్గా గుర్తు లేదు. టెక్కలిలో కంచిలి బస్సెక్కితే, నా పక్కన ఒక సవర ముసలాయన కూర్చున్నాడు. ఒళ్లో ఎండిన ఆనపబుర్ర, దాని మూతికి మట్టి మెత్తి ఉంది.

"ఏ ఊరు బావూ?"

"కంచిలి."

వెంటనే ఆ బుర్ర తీసి నా ఒళ్లో పెట్టాడు. "సోళ్ళ ఇత్తనం," అన్నాడు; రాగులన్నమాట. "మీ అటక మీద ఉంచు. మా కొండకి పెద్ద గాలొచ్చి ఇత్తనం పోతే, వచ్చి పట్టుకెల్తాను."

"మీ చుట్టాలింట్లో దాచుకోవచ్చుగా తాతా?"

"సుట్టాలందరూ ఆ కొండ మీదే ఉన్నారు గదా. పోతే అందరిదీ ఒక్కపాలే పోతాది."

"నేనెవరో నీకేటి తెలుసు?"

"కొండ దిగితే నాకు తెలిసినోలు ఎవులున్నారేటి?" అంటూ మందస దారి చీలే చోట దిగిపోయాడు. నా పేరడగలేదు. అతని ఊరేదో అడగాలని నాకూ తోచలేదు.

తర్వాత తుఫానులు చాలా వచ్చాయి. అతను మాత్రం రాలేదు. కొండకేమీ కాలేదనా? అడగడానికి ఎవరూ మిగల్లేదనా? లేక వచ్చి, మా ఇల్లు దొరక్క తిరిగి వెళ్ళిపోయాడా?

ఈ ఏడు కూడా పాత గింజలు తీసేసి, కొత్త చోళ్ళు పోసి, మూతికి మట్టి మెత్తాను.