మిర్చి గ్రూపులో పాస్‌వర్డ్

ఆ మధ్యాహ్నం కంట్రోల్ గదిలో ఉన్నవి సోలార్ బ్యాటరీ, దాన్ని నడిపే, గదుల చల్లదనం చూపించే స్క్రీన్, నెట్ పెట్టె. ఉన్నవాళ్లం నేను, యజమాని సుబ్బారావు గారు, మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, అక్కడ దాచుకున్న రైతు మరియమ్మ గారు. గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీలో అది నా మొదటి ఉద్యోగం.

కరెంటు పోయింది, బ్యాటరీ అందుకుంది. అంతలో ఎవరో బయటినుంచి నెట్‌లో దాన్ని ఆపేశారు. నేను ఆన్ చేస్తే మళ్లీ ఆపారు. కూలింగ్ మిషన్లు ఆగిపోయాయి.

"ఈ స్క్రీన్ పాస్‌వర్డ్ ఎవరికిచ్చారండి?" అని సుబ్బారావు గారిని అడిగాను.

"రైతులు ఫోన్లో చల్లదనం చూసుకుంటారని మిర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అయితే ఏంటి?"

వెంటనే నెట్ వైరు పీకేసి బ్యాటరీ ఆన్ చేశాను. మిషన్లు తిరిగాయి.

"ఏరా, నన్నడక్కుండా పీకుతావా? పెట్టు!"

"పాస్‌వర్డ్ మార్చేదాకా పెట్టనండి."

"ఉద్యోగం ఊడుద్ది!"

"ఊడినా పెట్టను."

మరియమ్మ గారు నెట్ పెట్టెకు అడ్డంగా నిలబడ్డారు. "నా కాయలు లోపలున్నాయయ్యా. ఫోన్లో చూడకపోతే తలుపు తీసి చూసుకుంటా."

చివరికి ఆయనే మార్చమన్నారు. ఆపిందెవరో ఇప్పటికీ తెలియదు. మళ్లీ అలా జరిగితే మళ్లీ పీకుతాను.

అప్పుడు ఆ గ్రూపులో నూట నలభై మంది. ఇప్పుడు పాస్‌వర్డ్ తెలిసినవాళ్లం ఆయన, నేను, ఇద్దరమే.