ఐదో ప్రాంతంలో నాన్న గొంతు

డిస్క్ పెట్టగానే టీవీ తెర నల్లబడి ఇంగ్లిష్‌లో ఒకే వాక్యం వచ్చింది: ఈ డిస్క్ మీ ప్రాంతంలో ఆడదు. తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. అదే వాక్యం. మంచం మీది నుంచి నాన్న నా ముఖం వంక చూస్తున్నాడు.

మా తెలుగువాళ్లు పనికోసం వలసొచ్చిన లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసినంత కాలం నాన్నది పెద్ద గొంతు. తాయెత్తులు, ముహూర్తాలు, దిష్టి, దేనిమీదైనా సరే నలుగురిలో నిలబడి వాదించేవాడు. పక్షవాతం వచ్చి ఆ గొంతు పోయింది. కుడిచెయ్యి పడిపోయింది. అంతకు ముందు, మిషన్లకు దండలు వేసి మొక్కే ఒక విశ్వకర్మ పూజ నాడు, పందిట్లో ఆయన వాదిస్తుంటే అమెరికా నుంచి వచ్చిన ఒకావిడ చిత్రీకరించింది. రైల్వే కాలనీల మీద ఆవిడ తీసిన సినిమా అక్కడ డిస్క్‌గా అమ్మకానికి వచ్చింది. ఒకటి మాకు పంపింది. నాన్న మాట మిగిలింది అందులోనే. ఆ కవరు దిండు కింద పెట్టుకుని, నేను కనపడినప్పుడల్లా ఎడమచేత్తో తీసి అందించేవాడు.

డిస్క్ ఆడలేదని తెలిసి, నాన్నతో పనిచేసిన పక్కింటాయన వచ్చేశాడు.

“ఏటి బాబూ, విశ్వకర్మ పూజకి ఈ మిసనుకి దండ ఎయ్యనిచ్చినారా? మరి మొరాయించదేటి?”

“దండ లేకపోతే ఏటి, నాను బొట్టెట్టినాను గదా,” అంది అమ్మ.

చూద్దును కదా, ప్లేయర్ నుదుట కుంకుమ! ఒళ్లు మండింది. ఆ మంటతోనే కూర్చుని, తెర మీది వాక్యం సంగతేమిటో వెతికి చదివాను. చదివాక కుంకుమను నిర్దోషిగా వదిలెయ్యక తప్పలేదు. తప్పు దేవుడిదీ కాదు, దెయ్యానిదీ కాదు. చదువుకున్నవాళ్లది.

సినిమా కంపెనీలు భూగోళాన్ని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకూ ఒక అంకె వేశాయి. అమెరికా ఒకటి. మనం ఐదు. ఒకటో ముక్కకు చేసిన డిస్క్‌ను ఐదో ముక్కకు చేసిన ప్లేయర్ ముట్టుకోకూడదు. డిస్క్ మీద గీత లేదు, ప్లేయర్‌లో దుమ్ము లేదు. అది చదవగలదు, చదవనివ్వరు. ఫలానా వాడలో పుట్టినవాడు ఫలానా బావిలో చేద వెయ్యకూడదన్న కట్టుబాటుకూ దీనికీ తేడా ఏమిటో ఎవరైనా నాకు చెప్పాలి. దాన్ని శాస్త్రం పేరుతో సమర్థించారు, దీన్ని వ్యాపారం పేరుతో సమర్థిస్తున్నారు. మా కాలనీలో, మా నాన్న నోట, మా భాషలో పుట్టిన మాట సముద్రం దాటి తిరిగొచ్చేసరికి మాకే అంటరానిదైంది!

విదేశీ సరుకు దొరికే ఖిదిర్‌పూర్ బజారుకు వెళ్లి, ఏ దేశపు డిస్క్ అయినా ఆడే ప్లేయర్ కావాలని అడిగాను. దుకాణదారు ఒకటి తీసి బల్లమీద పెట్టాడు.

“దాదా, యే సబ్ ఖాతా హై. అమెరికా, జపాన్, జో భీ దో. జాత్ నహీ పూఛ్‌తా.”

ఏది పెట్టినా తింటుందట, జాతి అడగదట! ఇంత సూటి మాట నేను ఏ సంస్కరణ సభలోనూ వినలేదు.

ఇంటికొచ్చి పెడితే ఈసారి డిస్క్ తిరిగింది. బొమ్మ మాత్రం రంగు లేకుండా, చారలు చారలుగా పైకి పాకిపోతోంది. మరో గోడ! అక్కడి టీవీల పద్ధతి వేరట, మా పాత డబ్బా టీవీ పద్ధతి వేరట. పక్కింటాయన “నాను సెప్పనేదా” అన్నట్టు గోడకు చేరబడ్డాడు. పళ్లు కొరుకుతూ రిమోట్ మీద ఉన్న మీటలన్నీ నొక్కాను. పద్ధతి మార్చే మీట దొరికింది. బొమ్మ నిలిచింది.

పందిరి. దండలు వేసిన లేత్ మిషను. దాని పక్కన నిటారుగా నాన్న. గుంపులోంచి ఒకతను అడుగుతున్నాడు. ఇంకెవరు, మా పక్కింటాయనే, నల్లటి జుట్టుతో.

“మిసనుకి దండమెడితే తప్పేటండీ?”

మంచం మీద నాన్న భుజాలు అప్పుడే కదలసాగాయి. జవాబు ఆయనకు తెలుసు.

“తప్పేటీ నేదు నాయనా. దండమెట్టు, దండెయ్యి. నూని మాత్రం ఎగ్గొట్టకు. అది దండకి తిరగదు, నూనికి తిరుగుతాది!”

తెర మీద పందిరంతా గొల్లుమంది. గదిలో పక్కింటాయన కూడా నవ్వాడు. నాన్న శబ్దం లేకుండా, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఈ నవ్వుకు తాళం వేసి, పైగా అది తమ హక్కు అన్నారు ఆ కంపెనీలవాళ్లు. తాళం వేసిన ఆ చేతులను నేను క్షమించను.

నాన్న ఎడమచెయ్యి చాపాడు. అమ్మ ప్లేయర్‌ను దగ్గరికి జరిపింది. కొత్తదానికీ ఎప్పుడు పెట్టిందో, బొట్టు ఉంది. బొటనవేలితో దాన్ని శుభ్రంగా తుడిచేశాడు.

“సూడరా, సూడు!” అంది అమ్మ. “బువ్వ తినమంటే లెగని సెయ్యి, మిసను కుంకం తుడవడానికి ఎలా లెగిసినాదో!”