రాణిగారి ఉల్లెన్ జుట్టు

నాకు టైఫాయిడ్ తగ్గితే నా తలనీలాలు ఇస్తానని మా అవ్వ మొక్కుకుంది. నన్నొక్క మాట అడగలేదు. అంత భక్తి ఉంటే తన జుట్టే ఇచ్చుకోవచ్చుగా అని ఇప్పటికీ నాకు కొంచెం కోపమే. జ్వరం పోయింది, జుట్టూ పోయింది. ఇంకో మూడు వారాల్లో బడి వార్షికోత్సవం, నాటకంలో నేను రాణిని.

"గుండు రాణి యాడైనా ఉంటాదా పాపా? విగ్గు తెచ్చుకుంటే నువ్వే రాణి. లేకుంటే ఇంకో పాపకిస్తా" అన్నారు సారు. నాకు తలకొట్టేసినట్టయింది. తొంభైల్లో మాట ఇది, అప్పటికి నాకు పదేళ్లు.

ధర్మవరంలో మా అమ్మది అచ్చు అతికే పని. మగ్గం మీద చీరలు అయిపోయినప్పుడు వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పట్టు పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపడం. వేల పోగులు, ఒక్క ముడి కూడా ఉండదు. షావుకార్ల ముందు గొంతెత్తి మాట్లాడని మనిషికి ఆ పని దగ్గర మాత్రం భలే పొగరు.

నాయన హిందూపురం పోయి నల్ల ఉల్లెన్ దారం ఉండలు తెచ్చాడు. అమ్మకు క్రోషా రాదు. అందుకని ఆదివారం ప్యాసింజరు ఎక్కి పెనుకొండలో మా మేనత్త దగ్గరికి పోయాం. టీవీకి, మిక్సీకి, ఆఖరికి నీళ్ల బిందెకు కూడా క్రోషాతో తొడుగులల్లిన మనిషి ఆమె. నా తల కొలిచి, సాయంత్రానికల్లా అమ్మ చేత టోపీ అల్లించింది. ఇక ఆ టోపీకి పొడుగు దారాలు కట్టి జుట్టు చెయ్యాలి.

"ప్రతి పోగుకూ గట్టిగా ముడెయ్యి వదినా" అంది అత్త.

"ముడా? నా చేత్తోనా? ముడి పడితే చీరే చెడిపోతాది" అంది అమ్మ.

"ఇదేమన్నా చీరా? బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడతాండావే!"

అమ్మ వింటేగా. ఇంటికొచ్చి రోజూ సాయంత్రం పొయ్యిలో బూడిద తీసుకుని, ఒక్కో పోగునూ టోపీకి మెలిపెట్టి అతికింది. పక్కన కూర్చుని నేను నా మాటలు వల్లె వేస్తుంటే, చదువు రాని అమ్మ పెదాలు కూడా కదిలేవి. చివరికి నడుం దాటిన జడ తయారైంది. అద్దంలో చూసుకుని అమ్మను గట్టిగా వాటేసుకున్నాను. నా సొంత జుట్టు ఏనాడూ అంత అందంగా లేదు.

మెలిపెడితే పట్టు నిలిచినట్టు ఉల్లెన్ నిలవదని ఆమెకేం తెలుసు? నాటకంలో మంత్రి మీద కోపంతో తల విసిరేసరికి నాలుగు పోగులు రాలాయి. రెండోసారి విసిరితే జడకు జడ ఊడి మంత్రి కాళ్ల దగ్గర పడింది. కంగారుగా తల పట్టుకోబోతే టోపీ కూడా చేతికొచ్చింది. జనం గొల్లున నవ్వారు. నాకు ఒక్క మాటా గుర్తు రాలేదు.

అప్పుడు ఆడవాళ్ల మధ్యలోంచి అమ్మ లేచి నిలబడింది.

"మంత్రీ! నా ప్రజలు పస్తులుంటే నాకు పట్టాభిషేకమా?" అని నా మాటను బడంతా వినపడేలా అరిచింది.

నవ్వులు ఆగిపోయాయి. అదే మాట నేనూ అన్నాను. తర్వాతవన్నీ గుండుతోనే అన్నాను. వెనకవాళ్లు "కూర్చోమ్మా" అని ఎంత కేకలేసినా, తెర పడేదాకా అమ్మ కూర్చోలేదు.