పల్వల్ దాటాక పొగమంచులో

దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. భయం కాదు, ఒళ్ళుమంట. ఎవరైనా "మా ఇంట్లో ఇలా జరిగింది" అని మొదలుపెడితే "నువ్వు చూశావా, ఎవరో చెప్పారా?" అని అడిగి నోరు మూయించేదాన్ని. ఏళ్ళ తరబడి ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం. వోచరు చూపించనిదే ఎవరేం చెప్పినా తలాడించే అలవాటు లేదు. ఇప్పుడు చెప్పబోయేదానికి నా దగ్గరే వోచరు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను.

మా అక్క సుభద్ర ఢిల్లీలో ఒక స్కూల్లో జాగ్రఫీ టీచరుగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఏ సముద్రం ఎంత లోతో, ఏ ప్రవాహం ఎటు పోతుందో కొన్ని వందల మంది పిల్లల చేత బట్టీ పట్టించింది. తను మాత్రం ఒడ్డున నిలబడి కాళ్ళు తడుపుకోవడమే తప్ప సముద్రం మీదికి పోయింది లేదు. ఎటు చూసినా నేల కనబడని చోట ఒక్కసారి కూర్చోవాలని ఆమె కోరిక. రిటైరయ్యాక వెళదాంలే అనుకుంది. రిటైరైన ఏడాదే ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది.

నేను మూడేళ్ళ కిందటే బదిలీ మీద ఢిల్లీ వచ్చాను. అక్క జబ్బు తెలిశాక మా క్వార్టర్‌కే తెచ్చుకున్నాను. రెండో విడత మందులు అయ్యాక డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఆమెకి ఏవైనా తీరని కోరికలుంటే ఇప్పుడే తీర్చండి, మూడో విడత మొదలయ్యాక కదలలేరు అన్నాడు. ఆ తర్వాత సంగతి నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అలా ముంబై నుంచి బయలుదేరే ఓడలో మూడు రోజుల ప్రయాణానికి టికెట్లు తీసుకున్నాం. అక్క, నేను, మా ఆయన. విమానం ఎక్కడానికి వీల్లేదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది, పైకి వెళితే ప్రమాదం అన్నారు. ఇక మిగిలింది రైలు. జనవరిలో ఢిల్లీ రైలుని నమ్ముకోవడమంటే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే. ఆ సంగతి తెలిసినా ఇంకో దారి లేదు. ఒకరోజు ముందు బయలుదేరదామంటే, ముందురోజు సాయంత్రం ఎక్స్‌రే చూస్తేగానీ పంపనన్నాడు డాక్టరు. ఓడ తప్పితే మళ్ళీ ఓడ ఉంటుంది, మూడో విడత మొదలయ్యేలోగా అక్కకే ఇంకో వారం ఉండదు.

పొద్దున్న రైలు. లెక్క ప్రకారం మర్నాడు తెల్లారేసరికి ముంబైలో దిగాలి. మధ్యాహ్నం దాకా ఓడ ఎక్కనిస్తారు. "వదినా, ఒక పూట చేతిలో ఉంది, మీరు నిశ్చింతగా పడుకోండి" అన్నారు మా ఆయన. ఆయనకి అన్నిటికీ నిశ్చింతే.

రైలు నిజాముద్దీన్ స్టేషన్‌కి రావడమే ఆలస్యంగా వచ్చింది. ఫరీదాబాద్ దాకా పాకుతూ పోయింది. పల్వల్ దాటాక ఏదో చిన్న స్టేషన్ దగ్గర ఆగి, ఇక కదలలేదు. పట్టపగలు. కిటికీ బయట మాత్రం గోడకి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, పక్క పట్టాలు కూడా కనబడడం లేదు. ముందు రైళ్ళు వరసగా ఆగిపోయాయని టీటీఈ చెప్పి వెళ్ళాడు.

మధ్యాహ్నం దాటింది. మా చేతిలో ఉన్న ఆ పూటా అక్కడే కరిగిపోయింది. అక్క కింది బెర్తు మీద పడుకుని పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. మందుల వల్ల నోరంతా పూసి, కారం తగిలితే విలవిల్లాడిపోతుంది. మేం తెచ్చిన పులిహోర ఆమెకి పనికిరాదు. ఆమెకని తెచ్చిన పెరుగన్నం పులిసిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఢిల్లీలో మన తెలుగువాళ్ళకి ఒక అలవాటుంది. తెలిసినవాళ్ళు రైల్లో పోతున్నారంటే దారిలో ఎవరో ఒకరు స్టేషన్‌కి క్యారియర్ తెచ్చి ఇస్తారు. మా అక్క ఆ పనిలో అందరికంటే ముందుండేది. ఊరెళ్ళే స్టూడెంట్లకి, పరీక్షలకొచ్చి వెళ్ళే పిల్లలకి, వాళ్ళెవరో సరిగ్గా తెలియకపోయినా, ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి అన్నం ఇచ్చి వచ్చేది. ఆమె పేరు చెక్కించిన స్టీలు క్యారియర్లు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో ఆమెకే తెలియదు. కొన్ని తిరిగొచ్చేవి, కొన్ని రావు. వచ్చినవి ఖాళీగా వచ్చేవి కావు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని పంచదారో, పండో వేసి ఇచ్చేవారు.

అది గుర్తొచ్చి మా ఆయన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, రైలు ఆగిపోయింది, మధుర దగ్గర ఎవరైనా ఉన్నారా అని మెసేజ్ పెట్టారు. తర్వాత లెక్క వేసి చూస్తే రైలు ముంబై చేరేది ఓడ బయలుదేరాకే అని తేలింది.

"ఇక లాభం లేదు. కుడివైపు రెండు పట్టాలు దాటితే హైవే. దిగి టాక్సీ పట్టుకుంటే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. వదినని ఈ చలిలో రాత్రంతా ఉంచలేం" అన్నారు మా ఆయన. అప్పటికే కొందరు కుర్రాళ్ళు బ్యాగులు తగిలించుకుని దిగి మంచులో కలిసిపోయారు.

అక్క ఏమీ వాదించలేదు. "సరేలేవే, రాసిపెట్టి లేదు. పోదాం పద" అని గోడవైపు తిరిగింది. నేను బాత్రూంలోకి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

సామాను తలుపు దగ్గరికి చేర్చాం. అక్కకి స్వెటర్ తొడిగి, లేపి కూర్చోబెట్టి, నేను వెళ్ళి కుడివైపు తలుపు తీశాను. చలిగాలికి నా కళ్ళద్దాలు ఒక్కసారిగా మసకబారాయి. తుడుచుకుని పెట్టుకునేసరికి ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి ఉంది.

ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. మెరూన్ స్వెటర్. శాలువా లేదు. ఆమెకీ కళ్ళద్దాలున్నాయి, వాటికి తేమ పట్టలేదు. ఇది నాకు ఆ క్షణంలోనే వింతగా అనిపించింది, కానీ ఆలోచించే తీరిక లేదు. ఆమె చేతిలో క్యారియర్ ఉంది.

"సుభద్రాంటీ ఈ బోగీలోనే ఉండారా?" అంది.

గ్రూపులో మెసేజ్ చూసి ఎవరో పంపారనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. మన వాళ్ళంటే ఇలా ఉండాలి అని కూడా అనుకున్నాను. ఉన్నారమ్మా అని క్యారియర్ అందుకున్నాను. అడుగున వేడిగా తగిలింది.

మా ఆయన వెనక నుంచి సూట్‌కేసు తెచ్చి, "కొంచెం పక్కకి జరగమ్మా, దిగుతున్నాం" అన్నారు.

ఆ అమ్మాయి జరగలేదు. తలుపు కడ్డీ పట్టుకుంది. "దిగొద్దండి. రైలు కదుల్తాది. ఆంటీకి ఓడ అందుతాది. ఇట్ల దిగొద్దండి" అంది. గొంతు పెంచలేదు. తర్వాత నావైపు చూసి మెల్లగా, "నేనిట్లనే దిగినా" అంది.

ఆ మాటకి అర్థం ఏమిటని నేను అడగబోయేలోగా ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఆ తర్వాత తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

మా ఆయన, "ఓడ సంగతి ఈ పిల్లకెవరు చెప్పారు?" అంటూ మెట్టు మీద కాలు పెట్టారు. ఎందుకో నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. అంతలోనే ఆ పట్టాల మీద ఒక రైలు దూసుకుపోయింది. హారన్ కూడా బోగీ పక్కకి వచ్చాకే వినబడింది. ఇనుము వాసన మొహానికి కొట్టింది. ఆ అమ్మాయి వెనక్కి నడిచింది ఆ పట్టాల మీదికే.

నేను అరిచిన అరుపుకి బోగీ అంతా లేచి వచ్చింది. టీటీఈ, ఇంకో ఇద్దరు టార్చిలు పట్టుకుని దిగి చాలాసేపు వెతికారు. "కోయీ నహీ హై మేడమ్. కుఛ్ నహీ హై" అన్నాడు టీటీఈ తిరిగొచ్చి, ఎవరూ లేరు, ఏమీ లేదని. నేను నమ్మలేదు, మళ్ళీ పంపాను. మళ్ళీ అదే మాట. అక్కడే సూట్‌కేసు మీద కూలబడ్డాను. ఇక దిగే మాట ఎవరూ ఎత్తలేదు.

లోపలికి వెళ్ళేసరికి, ఎవరో తెచ్చి పక్కన పెట్టిన ఆ క్యారియర్ మూత పట్టుకుని అక్క కూర్చుని ఉంది. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు, సుభద్ర అని. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఎప్పుడో ఎవరికో ఇచ్చింది ఇలా తిరిగొచ్చిందనుకున్నాను. లోపల మెత్తటి అన్నం, పెసరకట్టు. ఒక్క మిరపకాయ గింజ కూడా లేదు. అక్క అంతా తినేసింది. ఎన్నో రోజుల తర్వాత ఆమె కడుపునిండా తినడం అదే.

కాసేపటికి రైలు కదిలింది.

ముంబైకి చేరేసరికి గడువు దాటిపోయింది. అయినా రేవుకి వెళ్ళాం. ఓడ ఇంకా అక్కడే ఉంది. మాలాగే ఉత్తరాది నుంచి రావలసినవాళ్ళు చాలామంది మంచులో చిక్కుకున్నారని ఆలస్యంగా బయలుదేరుతోందట. దీంట్లో వింతేమీ లేదు, ఎవరైనా చెప్పగలిగే కారణమే. అక్కని చక్రాల కుర్చీలో ఓడ ఎక్కించాం.

మర్నాడు పొద్దున్న డెక్ మీద కూర్చుని ఉండగా అక్క నాకు చెప్పింది. చుట్టూ ఎక్కడా నేల లేదు.

"ఆ వచ్చింది నీరజే. నంద్యాల పిల్ల. కరోల్ బాగ్ దగ్గర గదిలో ఉండి సివిల్స్‌కి చదివేది. నువ్వు ఢిల్లీ రాకముందు సంగతి. ఊరెళుతుంటే ఆ క్యారియర్‌లో అన్నం పెట్టిచ్చాను. ఇలాగే పల్వల్ దాటాక రైలు ఆగిపోయింది. రోడ్డెక్కుదామని దిగింది. పక్క పట్టాల మీద రైలొచ్చింది. మంచులో దానికి రైలు కనబళ్ళేదు, రైలుకి అదీ కనబళ్ళేదు. అమ్మానాన్నా అంత దూరం నుంచి రావాలి కదా, గుర్తుపట్టడానికి నన్నే పిలిచారు."

నేను నా కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"సామానంతా అప్పగించారు. క్యారియర్ లేదు. అలాంటప్పుడు క్యారియరేదని ఎవరడుగుతారే?" అంది.

"మొహం చూశావా నువ్వు?" అన్నాను. నా పాత అలవాటు.

"లోపల బెర్తు మీదున్నదాన్ని, ఎలా చూస్తాను? గొంతు విన్నాను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"చెబితే మరిదిగారు దాన్ని బయట పారేసేవారు. నాకేమో ఆకలేసింది" అని నవ్వి, మళ్ళీ నీళ్ళవైపు తిరిగింది.

నేను ఊరుకోలేదు. పోయిన క్యారియర్ ఎవరికో దొరికి ఉండొచ్చు, పల్వల్‌లో ఇంకో రాయలసీమ పిల్ల ఉండొచ్చు, గ్రూపులో చూసే వచ్చి ఉండొచ్చు అనుకుని మా ఆయన ఫోన్ తీసుకుని చూశాను. రైలు ఆగిన చోట సిగ్నల్ లేక ఆ మెసేజ్ పోలేదు. రైలు మధుర చేరాకే గ్రూపులోకి వెళ్ళింది. అప్పుడు నలుగురైదుగురు, ఎక్కడున్నారు, ఏం తేవాలి అని అడిగారు. అంతకు ముందు మేం ఆకలితో ఉన్నామని ఎవరికీ తెలియదు. అక్క నోరు పూసిన సంగతి ఆ తర్వాత కూడా ఎవరికీ తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు ఎండ కాసింది. ఆ చోట రైలు నెమ్మదించింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అక్కడ ప్లాట్‌ఫారం లేదు. పట్టాల మధ్య కంకరరాళ్ళే. కింద ఎవరైనా నిలబడితే వాళ్ళ తల నా మోకాళ్ళ దాకా వస్తుంది. ఆ అమ్మాయి మాత్రం నా కళ్ళలోకి సూటిగా చూసి మాట్లాడింది. ఈ ఒక్కదానికి ఇప్పటికీ నేను ఏ కారణమూ వెతుక్కోలేకపోయాను.

మూడో విడత మందులు మొదలయ్యాయి. అక్క ఉగాది చూడలేదు. ఓడ మీద ఉన్నన్నాళ్ళూ పగలంతా డెక్ మీదే కూర్చుంది, భోజనానికి రమ్మన్నా కదిలేది కాదు. ఆ రోజు మేం దిగి ఉంటే ఆమె సముద్రం చూసేది కాదు. ముందు మా ఆయన, వెనక నేను, నా చెయ్యి పట్టుకుని అక్క, ముగ్గురం ఆ పట్టాల మీదే ఉండేవాళ్ళం.

వచ్చింది ఎవరు అంటే నాకు తెలియదు. నీరజే అని రాయడానికి చెయ్యి రాదు, కాదని రాయడానికీ రాదు. రాత్రిళ్ళు తలుచుకుంటే భయం వేయదు. ఆ పిల్ల దిగిన రోజున, తలుపు కడ్డీ పట్టుకుని దిగొద్దమ్మా అని చెప్పేవాళ్ళు ఒక్కరు కూడా లేకపోయారే అని ఏడుపొస్తుంది.