మూడు కేజ్‌లు విరిగిన సైకిలు

2003 నాటికి అరకు సంత వీధి మొదట్లో నా సైకిల్ షాపుకి పదేళ్ళు నిండాయి. పంక్చర్లు వేసి, చైన్లు మార్చి, వంకర చక్రాలు సరిచేసి, సైకిలు గురించి నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్ముతుండేవాణ్ణి. ఆ నమ్మకాన్ని మట్టిలో కలిపింది ఒక బాటిల్ కేజ్. గేర్ల సైకిలుకి హ్యాండిల్ కింది నుంచి పెడల్ దాకా ఏటవాలుగా దిగే గొట్టాన్ని డౌన్ ట్యూబ్ అంటాం. నీళ్ళ సీసా పెట్టుకోవడానికి దాని మీద రెండు బోల్టులతో బిగించే చిన్న పంజరమే బాటిల్ కేజ్. జానెడు వస్తువు. లారీ కింద పడ్డ సైకిలు కూడా నన్ను అంత విసిగించలేదు.

రూతమ్మ సిస్టర్ ఏ.ఎన్.ఎం., అంటే కొండ మీది ఊళ్ళకి వెళ్ళి పిల్లలకి టీకాలు వేసే నర్సు. జీపులు వెళ్ళని ఊళ్ళు ఆవిడవి. టూరిస్టులకి అద్దెకిచ్చి విసిగిపోయిన ఒక లాడ్జి వాళ్ళు గేర్ల సైకిళ్ళు అమ్మేస్తుంటే ఒకటి కొనుక్కుంది. దానితో ఆవిడ నా దగ్గరికి వచ్చిన రోజు శుక్రవారం సంత కావడంతో షాపు నిండా జనం. జనం ఉంటే నా నోరు ఊరుకోదు. ఎవరినో ఏదో అంటున్నాను, అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వుల మధ్యకి ఆవిడ సైకిలు నడిపించుకుంటూ వచ్చింది.

“బాటిలు ఎట్టుకోడానికి ఏదైనా గట్టిది బిగించండి బాబూ,” అంటూ చేతిలోని ప్లాస్టిక్ సీసా చూపించింది.

అల్యూమినియం కేజ్ బిగించాను. “తుప్పు పట్టదు, బరువుండదు. సైకిలు పోయినా ఇది పోదు సిస్టర్,” అని గొప్పగా చెప్పాను.

మూడు వారాలకి పోయింది. సీసాని రెండు పక్కలా పట్టుకునే చేతులు మొదళ్ళ దగ్గర విరిగాయి. సరేలే, సరుకు మంచిది కాదనుకుని ఫైబర్ కేజ్ వేశాను. అది పది రోజులకే నెర్రెలిచ్చింది. విశాఖలో సామాను పంపే ఆయనకి ఎస్‌టీడీ చేసి నానా మాటలూ అని, ఖరీదైన మందపాటి అల్యూమినియం కేజ్ తెప్పించాను. బిగిస్తూ ఆవిడ మీద కూడా విసుక్కున్నాను.

“సైకిలు తొక్కుతున్నారా, లోయలోకి దొర్లిస్తన్నారా? సీసా పెట్టుకునేదానికి ఇన్ని పాట్లేటి?”

“జాగర్తగానే వాడతన్నాను బాబూ,” అని మాత్రం అంది. ఎప్పుడొచ్చినా సంత రోజే వచ్చేది, ఆ ప్లాస్టిక్ సీసాతోనే వచ్చేది.

ఒక గురువారం సైకిలు జీపు మీద వేసుకుని వచ్చింది. మోకాలికి కట్టు, మణికట్టుకి కట్టు. ముందు రోజు దిగుడులో కేజ్ విరిగి, అందులోది ముందు చక్రం కింద పడి, ఆవిడ బోర్లా పడింది. భుజాన ఉన్న వ్యాక్సిన్ క్యారియర్, అంటే టీకా మందుని ఐస్ మధ్య చల్లగా ఉంచే పెట్టె, మూత ఊడి మందు సీసాలు పగిలాయి. ఆవిడ వెళ్ళాల్సిన ఊళ్ళో తల్లులు మూడు నెలలు బతిమాలితే మొదటిసారి పిల్లల్ని తీసుకుని కూర్చున్నారట. మధ్యాహ్నం దాకా చూసి పోడు చేలకి వెళ్ళిపోయారట.

“వచ్చే బుధవారం ఎల్లకపోతే ఇంక ఎవరూ రారు బాబూ. నాను అబద్దాలాడతానంటారు,” అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నాకు ఒళ్ళు మండింది. విశాఖ ఆయన్ని తిట్టుకుంటూ సైకిలు తిరగేశాను. డౌన్ ట్యూబ్ పొడవునా ఏదో చారలుగా ఎండి ఉంది. గోటితో గీకి వాసన చూశాను. పుల్లగా ఉంది. చోడి అంబలి, అంటే రాగి జావ.

“ఇదేటి సిస్టర్? బాటిల్లో అంబలి పోస్తన్నారా?”

ఆవిడ సంచిలోంచి పగిలిన ఆనపకాయ బుర్ర తీసింది. తొలిచి ఎండబెట్టిన సొరకాయ డొల్ల అది; కొండల్లో అంబలి, నీళ్ళు దాంట్లోనే మోస్తారు.

“ప్లాస్టిక్ సీసాలో ఎండకి బేగి పులిసిపోద్ది. బుర్రలో సల్లగుంటది. పొద్దుట తాగి బయల్దేరితే మద్దేనానికి అదే తిండి.”

బుర్ర పొట్ట సీసా కంటే లావు. అది పట్టడానికి రోజూ కేజ్ చేతులు సాగదీసేది, వదులైతే మళ్ళీ నొక్కేది. అల్యూమినియంని అటూ ఇటూ వంచితే ఎంత మందమున్నా తెగుతుంది, ఫైబర్ నెర్రెలిస్తుంది. మూడూ ఒకే చోట విరిగి ఉండటం కళ్ళారా చూశాను. చూసి ఏం లాభం?

“తొలిరోజే సెప్పొచ్చు కదా సిస్టర్. మూడు కేజ్‌లు మార్చాను, మీ ప్రాణం మీదకి వచ్చింది.”

“ఆ రోజు మీరే అన్నారు కదండీ, అంబలి తాగీవోళ్ళకి గేర్ల సైకిలెందుకని. అందరూ నవ్వినారు. అందుకే బుర్ర సంచిలోనే ఉంచీసినాను.”

అన్నాను. ఎవరో కొండ మనిషి గేర్ల సైకిలు ధర అడిగితే అన్నాను. నవ్వులు గుర్తున్నాయి గానీ ఆ మనిషి ముఖం గుర్తు లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

కొత్త బుర్ర తెమ్మన్నాను. దాని చుట్టూ పురికొస పెట్టి కొలత తీసి, ఇనుప చువ్వ వంచి, వెల్డింగ్ చేయించి, లోపల పాత ట్యూబు రబ్బరు చుట్టాను. ఏ రెండు బుర్రలూ ఒక్కలా ఉండవు కాబట్టి పైన ట్యూబు ముక్కతోనే బెల్టు పెట్టాను. చూడ్డానికి పరమ వికారంగా వచ్చింది. బుధవారం ఆవిడ వెళ్ళింది. శుక్రవారం సంతకి వచ్చినప్పుడు నేనే ఎదురెళ్ళి అడిగాను.

“సగం మందే వచ్చినారు. మిగతావోళ్ళ కోసం మళ్ళీ ఎల్తాను,” అంది.

అప్పటినుంచి ఎవరైనా గట్టి కేజ్ కావాలంటే అల్యూమినియమా, ఫైబరా అని మొదలెట్టను. అందులో ఏం పెడతారని ముందు అడుగుతాను, చెప్పేదాకా నోరు మూసుకుంటాను. రెండోది నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

2009లో రూతమ్మ సిస్టర్ కొత్త స్కూటీ మీద వచ్చింది. కాగితంలో చుట్టిన ఇనుప కేజ్ నా చేతిలో పెట్టి, “సైకిలు పాతసామానోడికి ఇచ్చీసినాను. దీన్ని బండికి బిగించండి,” అంది. స్కూటీకి అది బిగించే చోటేదీ? లోలోపల తిట్టుకుంటూ క్లాంపులు వెతికాను. షాపులో జనం చూస్తున్నారు.

“కొలత చూడాలి. బుర్ర తెచ్చారా?” అని అడిగాను.

ఆవిడ సంచిలోంచి బుర్ర తీసి, అందరి ముందూ నా బల్ల మీద పెట్టింది.