కింది స్లాటు

"...పనిచేస్తుందని ఒక్క మాట అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"మూడుసార్లు చూడకుండా అనను వదినా."

"నువ్వు మూడోసారి చూసేసరికి నేను కౌంటరులో కూర్చుని టోకెన్లు ఇస్తూ ఉంటాను."

మరిది ఒక చిన్న కాగితం చింపి ఏదో రాసి, కంప్యూటరు పెట్టెకి అంటించాడు. ఆ చెవి ఆసుపత్రిలో ప్రతి కంప్యూటరుకీ అతని కాగితాలుంటాయి. అందుకే అందరూ అతన్ని 'చీటీలాయన' అంటారు. ఇప్పుడు ఇక్కడి కంప్యూటర్లు చూసే ఇతను పూర్వం రేడియోలు బాగుచేసేవాడు. ఒకసారి బాగయిందని చెప్పి పంపిన రేడియో, తీసుకెళ్లినాయన వీధి మలుపు తిరగకముందే మూగబోయింది. అప్పటినుంచి ఏదైనా తన కళ్లతో చూసి, చీటీ రాసి, అప్పుడే నమ్ముతాడు.

వదిన ఆ ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా వినికిడి పరీక్షలు చేస్తోంది. ఆ పరీక్షల యంత్రం కంప్యూటరు లోపల ఒక స్లాటులో గుచ్చే కార్డు ద్వారా నడుస్తుంది. దాని ప్రోగ్రాము పాత ఆపరేటింగ్ సిస్టంలో తప్ప నడవదు. పాత కంప్యూటరు పోయినవారం పాడైంది. సోమవారానికి కొత్తదాంట్లో యంత్రం నడవకపోతే గది మూసేస్తామనీ, వదినని కౌంటరుకి మారుస్తామనీ డాక్టరుగారు చెప్పారు. ఇవాళ శనివారం.

మరిది ఆలోచన ఒకటే. కొత్త కంప్యూటరులో ఒక వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటరు లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటరు, పెట్టాలి. ఇంట్లో అద్దెకున్నవాళ్లలా పాత సిస్టం దాంట్లో ఉంటుంది. కార్డుని నేరుగా దాని చేతికే ఇవ్వాలి. ఇంటివాళ్లు, అంటే కొత్త కంప్యూటరులోని భాగాలన్నీ, ఒప్పుకుంటేనే అది కుదురుతుంది.

మొదటి చీటీ: ప్రాసెసరు ఒప్పుకుంటుంది. రెండో చీటీ: మదర్‌బోర్డు ఒప్పుకుంటుంది. మూడోది: కంప్యూటరు మొదలవగానే వచ్చే బయోస్ అమరికల్లో ఆ సదుపాయం ఆపి ఉంది, తెరిచాను. నాలుగో చీటీ రాయబోయి ఆగాడు. వర్చువల్ మెషిన్ మొదలవ్వలేదు.

కంప్యూటరులోని పరికరాల జాబితా తెరిచి చాలాసేపు చదివాడు.

"ఏమైంది?"

"బోర్డు సామానంతా గుంపులుగా కట్టి ఉంది. గుంపులో ఒకదాన్ని ఇవ్వాలంటే మొత్తం ఇవ్వాలి. మన కార్డున్న గుంపులోనే డిస్కు నడిపేదీ ఉంది. ఇచ్చామంటే ఇల్లు అద్దెకిచ్చి మనం వీధిన పడ్డట్టే."

"ఆ గుంపులోకి ఎందుకెళ్లింది?"

"కింది స్లాటులో పెట్టాను. ఆ స్లాటుకీ డిస్కుకీ ఒకటే దారి."

"మరి కింద ఎందుకు పెట్టావయ్యా?"

అతను చీటీల కట్ట సర్దుకున్నాడు. వదిన పరీక్ష కుర్చీ వైపు చూసింది. పై స్లాటు నుంచి వచ్చే తీగ పేషెంట్ల కాళ్లకి తగులుతుందనీ, కింద పెట్టమనీ నిన్న పోరింది తానే.

"నేనే చెప్పానుగా."

"మీరు చెప్పారు. నేను చూసుకోకుండా పెట్టేశాను. మీ మాటకి చీటీ అక్కర్లేదనుకున్నాను."

వదిన నవ్వు ఆపుకుంది. "పైకి మార్చు. తీగ సంగతి నేను చూస్తాను."

అతను మరలు విప్పి కార్డుని పైకి మార్చేలోపు, ఆమె కుర్చీని అవతలి గోడకి జరిపి, తీగని గోడ పొడుగునా టేపుతో అంటించింది. పద్దెనిమిదేళ్లుగా ఆ కుర్చీ అక్కడి నుంచి కదల్లేదు. గచ్చు మీద దాని కాళ్ల గుర్తులు నాలుగు తెల్లగా మిగిలాయి.

ఈసారి జాబితాలో కార్డు ఒంటరిగా ఉంది. పాత సిస్టం నీలం తెర మెల్లగా తెరుచుకుంది. వదిన మరిదిని కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టింది.

"శబ్దం వినపడితే బటన్ నొక్కు. నన్ను చూసి నొక్కకు."

నొక్కాడు. మళ్లీ నొక్కాడు. చివరి శబ్దాలు చీమ నడకంత ఉన్నా వదల్లేదు.

"చెవులు బాగానే ఉన్నాయే! మరి ఇంట్లో పిలిస్తే పలకవేం?"

"అది ఈ యంత్రంలో తేలదు వదినా."

ఆమె ఊపిరి పూర్తిగా వదిలింది. ఆ వారంలో అలా వదలడం అదే మొదటిసారి. అతను మాత్రం ప్లగ్గు లాగి మళ్లీ మొదలుపెట్టాడు. ఇంకోసారి లాగాడు. మూడోసారీ నీలం తెర వచ్చాక నాలుగో చీటీ మీద 'పనిచేస్తుంది' అని రాసి, దాన్ని వదిన చేతికిచ్చాడు.

ఆమె చదివి, తలుపు తీసి కౌంటరు వైపు తిరిగింది.

"నా గదికి సోమవారం టోకెన్లు రాయండి. నేను అక్కడికి రావడం లేదు."