ఐదు నిమిషాల అంగడి

పోయిన శుక్రవారం నేను పనిచేసే ఇంటి అమ్మాయి, అమలాపురం వైపు పిల్ల, తన ఆరు నెలల బిడ్డనూ నన్నూ కారులో ఎక్కించుకుని ఇక్కడ కువైట్‌లోని ఫర్వానియాలో కొత్తగా తెరిచిన ఒక పెద్ద అంగడికి తీసుకుపోయింది. వాకిలికి ఆనుకుని, నీడపట్టున, నేల మీద తెల్లరంగుతో పసిపిల్లల బండి బొమ్మ గీసి ఉన్న చోట కారు ఆపింది. చంటిబిడ్డలున్నవాళ్లు తప్ప ఇంకెవరూ అక్కడ ఆపకూడదట. లోపల ట్రాలీకే బిడ్డను పడుకోబెట్టే చిన్న మెత్తటి సీటు, దానికి నడుముపట్టీ. కావలసినవన్నీ ఇంట్లోనే ఫోనులో నొక్కేసి వచ్చింది కాబట్టి పాలపొడీ డైపర్లూ కూరగాయలూ అప్పటికే సంచుల్లో సర్ది ఉన్నాయి. ఒకతను వాటిని కారుదాకా తెచ్చి డిక్కీలో పెట్టి, బిడ్డను చూసి నవ్వి వెళ్లిపోయాడు. "చూశారా పిన్నిగారూ, ఐదు నిమిషాల్లో అయిపోయింది" అని ఆ అమ్మాయి సంబరంగా అంటే అవునమ్మా అన్నాను గానీ, ఆ ఐదు నిమిషాలన్న మాట ఎక్కడో ముల్లులా దిగింది.

నా ఈడు ఆడవాళ్లు, మా కడప, రాయచోటి పల్లెల నుంచి ఆ రోజుల్లో విమానమెక్కి వచ్చినవాళ్లు చదివితే, నేను చెప్పబోయేదాంట్లో సగం చెప్పకుండానే తెలుసుకుంటారు. నేను బయల్దేరిన పొద్దు నా కూతురికి ఎనిమిది నెలలు. బిడ్డ లేస్తే నేను కదలలేనని మా అత్త నన్ను పెరటి దారిన పంపించింది. పాలు చేపుకొచ్చి రవిక తడుస్తుంటే విమానంలో పమిటచెంగు గట్టిగా బిగించి కట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ దిగగానే నా చేతుల్లో పెట్టింది ఇంకొకరి బిడ్డను, రెండు నెలల మగపిల్లవాణ్ని. ఇంటి యజమానురాలిని మేం మామా అనీ, ఆమె భర్తను బాబా అనీ పిలిచేవాళ్లం. ఆ మామా చెడ్డదని నేను చెప్పను. నా కన్నా చిన్నది, కడుపు నిండా తిండి పెట్టేది, నవ్వు వస్తే ఆపుకోలేకపోయేది. అయితే నాకూ ఒక బిడ్డ ఉందన్న సంగతి ఆమెకు ఎన్నడూ గుర్తుండేది కాదు, అంతే.

మామాకు తానే కారు నడుపుకుంటూ అంగడికి పోవడమంటే ఇష్టం. కానీ చంకలో బిడ్డ ఉంటే సరుకులు ఎంచుకోవడం ఎట్లా, ట్రాలీ తోయడం ఎట్లా? ఈనాడు ఆ కష్టం తీర్చడానికి సీట్లూ బొమ్మలూ ఫోన్లూ ఉన్నాయి, ఆనాడు నేనుండేదాన్ని. వెనక సీటులో పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని, ఆమె ఇంజను ఆపకుండా, ఏసీ వదిలి, ఇంకో తాళంచెవితో కారు బయటినుంచి తాళం వేసుకుని పోయేది. పనిమనుషులు అంగడిలో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే చెడిపోతారని ఆమె తల్లి చెప్పిందట, అందుకని నన్ను లోపలికి రానిచ్చేది కాదు. పోయే ముందు ఐదు వేళ్లు చూపించి "ఖమ్సా దగీగా" అనేది. ఐదు నిమిషాలు. అరబీలో నేను నేర్చుకున్న మొదటి మాట అదే. ఆ ఐదు ఇరవై అయ్యేవి, ఒక్కోసారి నలభై. నాకేం, ఇంట్లో గచ్చు కడిగేకన్నా చల్లగా కూర్చుని బిడ్డతో ఆడుకోవడం మేలు కదా అనుకునేదాన్ని.

ఆ వేసవిలో మామా అక్క కారును, ఇట్లాగే ఇంజను ఆపకుండా వదిలి రొట్టెల అంగడికి పోతే, ఎవరో ఎక్కి తోలుకుపోయారు. ఆ మరుసటి వారమే మేం సరుకులకు పోయాం. పొద్దున పది దాటింది, నిలుచుంటే చెప్పు అడుగు తారుకు అంటుకునే ఎండ. మామా కారు ఆపింది, తాళంచెవి తీసుకుంది, ఐదు వేళ్లు చూపించింది, వెళ్లిపోయింది. ఏసీ ఆగిందని నాకు తెలుస్తూనే ఉంది. ఐదు నిమిషాలే కదా అని నేనూ అనుకున్నాను.

మొదట పిల్లవాడి మెడ తడిసింది. చొక్కా విప్పాను. తర్వాత ఏడుపు అందుకున్నాడు, సీసాలో ఉన్న కాసిని నీళ్లు తాగించి, మిగిలిన చుక్కలతో నా తలగుడ్డ తడిపి ఒళ్లు తుడిచాను. అద్దం దించుదామని మీట నొక్కితే కదలలేదు. తలుపు పిడి లాగితే కదలలేదు. అటు తలుపూ అంతే. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చివరికి ఏడవడం మానేసి, నోరు తెరుచుకుని నా వైపు చూడసాగాడు. ఆ చూపు చూశాక నాకు బుద్ధి పనిచేయలేదు. గౌను ముందరి గుండీలు విప్పి వాణ్ని రొమ్ముకు అదుముకున్నాను. నా పాలు ఎండిపోయి అప్పటికే రెండు నెలలైంది. ఉత్త రొమ్మే అయినా వాడు నోటితో వెతుక్కున్నాడు, రెండు గుక్కలు లాగాడు, తర్వాత తల వాల్చేశాడు.

అప్పుడు అద్దం మీద చేతులతో బాదుతూ, ఏ భాషలో అరవాలో తెలియక, నాకొచ్చిన భాషలో అరిచాను. "ఎవురన్నా రాండి నాయనా, బిడ్డ సచ్చిపోతాండాడు!" ఇద్దరు ముగ్గురు చూసి, ఇంటి పనిమనిషి గొడవ మనకెందుకన్నట్టు పోయారు. అవతల టాక్సీ తుడుచుకుంటున్న ఒకాయన మాత్రం గుడ్డ అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, చిన్న గడ్డం. అద్దానికి మొహం ఆనించి గట్టిగా కేకేశాడు.

"ఏమ్మా, తెలుగోళ్లా? ముందు సీట్లోకి దూకు! వెనక తలుపులు లోపల్నుంచి రావు, ముందుది వస్తాది! ఆ గుబ్బ పైకి లాగు!"

ముందు తలుపు వస్తుంది. అంతసేపూ అది నా చేతికందే దూరంలో ఉంది. వెనక తలుపులకు పిల్లలు తీయకుండా గడియ ఉంటుందనీ, ముందువాటికి ఉండదనీ నాకు ఎవరు చెప్పారు? పుట్టి బుద్ధెరిగాక ఒక్క కారు తలుపైనా నా చేత్తో తీసి ఎరగను, ఎవరో తీస్తే ఎక్కడం, ఎవరో తీస్తే దిగడం. బిడ్డతో సహా ముందుకు దొర్లి, గుబ్బ లాగి, తలుపు తోసుకుని తారు మీద పడ్డాను. ఆయన ఒక చేత్తో నన్ను లేపి, ఇంకో చేత్తో నీళ్ల సీసా తెరిచి పిల్లవాడి తల మీదా ఛాతీ మీదా పోశాడు. వాడు ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే మామా సరుకుల ట్రాలీతో వచ్చింది. ఆమె కళ్లతో చూస్తే ఆమెకు కనబడింది ఏమిటో ఇన్నేళ్ల తర్వాత నేను ఊహించగలను. తాళం వేసిన కారు తలుపు బార్లా తెరిచి ఉంది, పనిమనిషి గౌను గుండీలు ఊడి ఉన్నాయి, పక్కన ఒక మగవాడు, అతని చేయి బిడ్డ మీద. ఆమె కేకలకు జనం పోగయ్యారు. నా చెంప మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో నేను లెక్కపెట్టలేదు. ఆయన అరబీలో ఏదో చెప్పబోతే కావలివాళ్లు రెండు చేతులూ పట్టుకున్నారు. పోలీసులు వచ్చారు. బాబా వచ్చి పిల్లవాణ్ని ఆస్పత్రికి తీసుకుపోయాడు. మమ్మల్ని స్టేషనుకు రమ్మన్నారు.

మామా నన్ను తన కారులోనే, ఈసారి తన పక్క సీటులో కూర్చోబెట్టుకుంది. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు నా వైపు తిరిగి, ఒక్కొక్క గుండీ తానే పెట్టింది. బిడ్డను ఎండలో వదిలి పోయిన సంగతి బాబాకు తెలిస్తే తన గతి ఏమవుతుందో ఆమెకు తెలుసు. నాకు అర్థమయ్యే నాలుగు మాటల్లో చెప్పింది. ఆ మగవాణ్ని నేను పిలిస్తే సఫర్, అంటే ఊరికి పయనం. వాడే వచ్చి తలుపు తీస్తే బైత్, అంటే ఇల్లు, నా పని నాకే. సఫర్, బైత్ అని చేతులు అటూ ఇటూ ఊపి మళ్లీ మళ్లీ చూపింది. పరాయి మగవాడితో పోతూ దొరికిందన్న పేరుతో నేను ఊళ్లో దిగితే మా ఆయనా, మా అత్తా, వీధివాళ్లూ ఏం చేస్తారో ఆమెకు తెలియదు గానీ నాకు తెలుసు.

స్టేషనులో నన్నూ ఆయన్నూ ఒకే బల్ల మీద ఈ చివరా ఆ చివరా కూర్చోబెట్టారు. ఆయన నెమ్మదిగా యా ఊరమ్మా మీదని అడిగాడు. చెప్పాను. తనది రాయచోటేనని వీధితో సహా చెప్పాడు. ఆ తర్వాత అన్నాడు, "భయపడాకమ్మా. జరిగింది జరిగినట్టు చెప్పు, సాలు."

మా ఇద్దరినీ లోపలికి పిలిచారు. నాకు అరబీ రాదని, అక్కడ టీలు ఇచ్చే ఒక హైదరాబాదు మనిషిని మాట మార్చి చెప్పడానికి నిలబెట్టారు. మామా గోడవారగా కూర్చుని ఉంది.

"ఆయనను నువ్వు పిలిచినవా అమ్మా, ఆయననే వచ్చిండా?"

"ఆయప్పే వచ్చినాడు," అన్నాను. అది అబద్ధం కాదు.

"కారు తలుపు ఎవరు తీసిన్రు?"

నేను నా గుండీల వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన అడుగు దూరంలోనే ఉన్నాడు, ఆ గదిలో నా తెలుగు అర్థమయ్యేది మా ముగ్గురికే. హైదరాబాదు మనిషి మళ్లీ అడిగాడు.

"ఆయప్పే," అన్నాను.

ఆయన ఒక్కసారి "అమ్మా" అన్నాడు. నేను తల ఎత్తలేదు.

పిల్లవాడు రెండు రోజులకు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాడు. ఆ రోజు నుంచి మామా నాతో ఎంతో మంచిగా ఉండేది. నా కూతురికని చెవి కమ్మలు కొనిచ్చింది. అంగడికి పోతే నన్ను కూడా లోపలికి తీసుకుపోయేది, పిల్లవాణ్ని ఎత్తుకుని ఆమె వెనకే చల్లటి వరుసల మధ్య తిరిగేదాన్ని. ఆ టాక్సీ ఆయన్ని కొన్నాళ్లు జైల్లో ఉంచి, ఆయన కఫీల్, అంటే పూచీ ఉన్న యజమాని, ఇఖామా అనే ఉండనిచ్చే కాగితం రద్దు చేస్తే, మళ్లీ ఈ దేశంలో కాలు పెట్టకుండా వేలిముద్రలు తీసుకుని విమానమెక్కించారని, చాలాకాలం తర్వాత ఒక తెలుగు డ్రైవరు మాటల్లో విన్నాను. ఆ డ్రైవరు నాకు హెచ్చరికగానే చెప్పాడు. ఇక్కడ ఎవరి పనిమనిషి ఎట్లా చస్తున్నా మనం దగ్గరికి పోకూడదక్కా, మావాడొకడు అట్లాగే పోయి నాశనమైనాడు అని.

నాలుగేళ్లకు మొదటిసారి సెలవు దొరికింది. నా కూతురు నన్ను చూసి మా అత్త వెనక దాక్కుంది. మూడో రోజు నేను ఒంటరిగా రాయచోటి పోయి, ఆయన చెప్పిన వీధి వెతుక్కుంటూ వెళ్లాను. కాళ్ల మీద పడాలనే పోయాను, అది మాత్రం నమ్మండి. ఇంటి ముందరే సైకిలు టైర్లకు పంక్చర్లు వేసే చిన్న అంగడి పెట్టుకున్నాడు. గడ్డం నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. చేతిలోని ట్యూబు తొట్టినీళ్లలో వదిలేసి అడిగాడు.

"ఆ పిల్లోడు బతికినాడా?"

బతికినాడన్నాను. "మంచిది," అన్నాడు. లోపలికి రమ్మని చాప వేయించాడు. ఎవరని భార్య అడిగితే కువైట్‌లో తెలిసిన ఆయమ్మ అన్నాడు. కువైట్ అన్న మాట వినగానే ఆమె టీ గ్లాసు నా చేతికిస్తూ మొదలుపెట్టింది. "ఎవురో ముండ, కాపాడినోని మీదే చెప్పి మా కొంప ముంచిందమ్మా. నోట్లో మన్ను పడ, దాని బిడ్డ దానికి కాకుండా పోను." ఆయన "పోనీలేవే, ఆయమ్మను టీ తాగనీ" అన్నాడు. నా వైపు చూడలేదు. నేను ఆ టీ చివరి గుక్కదాకా తాగి, గ్లాసు కింద పెట్టి, వస్తానని చెప్పి లేచి వచ్చేశాను. పోయిన పని నోరు దాటి రాలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ వీధికి పోలేదు. నా కూతురు ఈనాటికీ మా అత్తనే అమ్మా అంటుంది, నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. ఆ శాపం తగిలిందనుకోను, అంతకుముందే జరిగిపోయిందది.

కాలం మారింది, మారడం మంచిదే. ఇప్పుడు మా పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు ఏ కారు తలుపు ఎట్లా తీయాలో తెలుసు, చేతిలో ఫోనుంది, ఏ దిక్కున ఉన్నామో ఎవరికి చెప్పాలో వాళ్లకు తెలుసు. మా రోజుల్లో మాకు అవేవీ లేవు. ఒక్కటే ఉండేది. ఎక్కడైనా నిలబడి మన భాషలో గట్టిగా అరిస్తే, ఎవరో ఒక మనవాడు చేతిలో పని పారేసి పరిగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడు ఇక్కడి మహబూలా వీధుల్లో పోతుంటే చుట్టూ తెలుగే వినబడుతుంది, కానీ ఎవరైనా అరిస్తే తల తిప్పకుండా దాటిపోతారు. ఈ కాలం మనుషులు ఇట్లా అయ్యారేమని నా ఈడువాళ్లు నిట్టూరుస్తుంటే నేను వాళ్లతో గొంతు కలపను. అట్లా దాటిపోవడమే తెలివని చెప్పుకోవడానికి దాటిపోయేవాళ్లకు కథలు కావాలి కదా, అందులో ఒకటి నేనిచ్చిందే.